ప్యాకెట్ ఎక్కడ ఆగింది? ఐసీఎంపీ ఎర్రర్లు చదివే పద్ధతి

సర్వర్ అందడం లేదనగానే అందరూ ముందు పింగ్ కొడతారు, అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి జవాబు కోసం చూస్తారు. పింగ్ వాడేది ఐసీఎంపీని, అంటే నెట్‌వర్క్‌లో ఎర్రర్లు, జవాబులు తెలిపే ప్రోటోకాల్‌ని. జవాబు వస్తే లైన్ బాగుందంటారు, రాకపోతే పోయిందంటారు. నిజానికి పింగ్ చూపే ఆ ఒక్క లైనులో ఇంకా చాలా సంగతులుంటాయి. మెసేజ్ ఏమంటోందో చూసే ముందు దాన్ని ఎవరు పంపారో చూడండి. వెతకాల్సిన చోటు చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

విండోస్‌లో తరచూ కనిపించేది ఇది. మీ మెషీన్ అడ్రస్ 192.168.1.25. అదే నెట్‌వర్క్‌లో ఉన్న 192.168.1.40కి పింగ్ కొట్టారు. "రిప్లై ఫ్రమ్ 192.168.1.25: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని నాలుగుసార్లు వచ్చింది. కింద లెక్కల్లో మాత్రం పంపినవి 4, వచ్చినవి 4, నష్టం 0 శాతం. ఆ శాతం చూసి అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. జవాబిచ్చింది అవతలి మెషీన్ కాదు, మీదే. 192.168.1.40 మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు అడ్రస్) కోసం ఏఆర్‌పీతో (ఐపీ అడ్రస్‌ను బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునే పద్ధతి) అడిగితే ఎవరూ పలకలేదు కాబట్టి ప్యాకెట్ అసలు బయటికే వెళ్లలేదు. కేబుల్, స్విచ్ పోర్ట్, వీల్యాన్ (స్విచ్‌లో విడదీసి పెట్టిన నెట్‌వర్క్), అవతలి మెషీన్ పవర్ చూడాలి. ఫైర్‌వాల్ జోలికి ఇంకా వెళ్లనక్కర్లేదు. అదే మెసేజ్ దూరంగా ఉన్న ఒక రౌటర్ అడ్రస్‌తో వస్తే, ప్యాకెట్ ఆ రౌటర్ దాకా బాగానే వెళ్లింది, అక్కడి నుంచి ముందుకు దారి లేదని అర్థం. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడింటిలో తేల్చడం కష్టమైనది ఇదే.

ఈ కబురు మోసుకొచ్చేది ఐసీఎంపీ. 1981లో ఆర్‌ఎఫ్‌సీ 792గా వచ్చిన ఈ ప్రోటోకాల్ ఐపీ మీదే ప్రయాణిస్తుంది, దాని ప్రోటోకాల్ నంబరు 1. ప్రతి ఎర్రర్‌లో ఒక టైప్, ఒక కోడ్ ఉంటాయి. వాటి వెనకాల, పడిపోయిన ప్యాకెట్ ఐపీ హెడర్, దాని తర్వాతి కనీసం 8 బైట్లు జత చేసి పంపుతారు. ఐపీ మీద డేటా మోసే ప్రోటోకాల్ టీసీపీ అయినా యూడీపీ అయినా సోర్స్ పోర్ట్, డెస్టినేషన్ పోర్ట్ మొదటి 4 బైట్లలోనే ఉంటాయి. కాబట్టి ఏ కనెక్షన్ తాలూకు ప్యాకెట్ పడిపోయిందో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గుర్తుపట్టగలదు. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌లో ఐసీఎంపీ ఫిల్టర్ పెట్టి, వివరంగా చూపే ఆప్షన్ ఇస్తే ఈ లోపలి హెడర్ మీకూ కనిపిస్తుంది.

టైప్ 3 అంటే గమ్యం చేరలేదని. దానిలో కోడ్ 0 అయితే ఆ నెట్‌వర్క్‌కు రూట్ లేదు, 1 అయితే ఆ హోస్ట్ దొరకలేదు, 3 అయితే హోస్ట్ ఉంది గానీ ఆ యూడీపీ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు, 13 అయితే ఏదో రూల్ ఆపింది. కోడ్ 4 సంగతి వేరే చెప్పాలి, కింద వస్తుంది. టైప్ 11 కోడ్ 0 అంటే టీటీఎల్ (ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గే లెక్క) దారిలోనే సున్నా అయిపోయింది. మామూలు పింగ్‌కి ఇది వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ రౌటింగ్ లూపే. టీసీపీ విషయంలో ఒక తేడా ఉంది: మూసి ఉన్న పోర్ట్‌కి కనెక్ట్ అయితే ఐసీఎంపీ రాదు, అవతలి హోస్ట్ రీసెట్ (కనెక్షన్ వద్దనే టీసీపీ ప్యాకెట్) పంపుతుంది. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అన్న మెసేజ్ అక్కడిది. అది కనిపించిందంటే దారి దాదాపుగా బాగున్నట్టే, సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి.

ఇక ట్రేస్‌రూట్, అంటే ప్యాకెట్ వెళ్లే దారిలోని రౌటర్లను వరసగా చూపే టూల్. ఇది టీటీఎల్‌ను 1, 2, 3 అని పెంచుకుంటూ పంపి, ఒక్కో రౌటర్ చేత టైప్ 11 చెప్పిస్తుంది. లినక్స్‌లో మామూలుగా 33434 నుంచి మొదలయ్యే యూడీపీ పోర్ట్‌లకు పంపుతుంది, చివర్లో "పోర్ట్ అన్‌రీచబుల్" రాగానే గమ్యం చేరినట్టు లెక్క. విండోస్ ట్రేసర్ట్ ఐసీఎంపీ ఎకో (పింగ్ వాడేదే) పంపుతుంది. అందుకే ఒకే గమ్యానికి రెండు మెషీన్లలో రెండు రకాల ఫలితాలు వస్తే ఆశ్చర్యం లేదు, మధ్యలో ఫైర్‌వాల్ ఒకదాన్ని వదిలి రెండోదాన్ని ఆపుతుండొచ్చు. వెబ్ సర్వర్ దారి చూడాలంటే టీసీపీ 443 పోర్ట్‌తో ట్రేస్ చేయడమే మేలు, అసలు ట్రాఫిక్ వెళ్లే తీరు అదే కదా.

నక్షత్రం గుర్తులు చూసి కంగారుపడొద్దు. ఐదో హాప్‌లో, అంటే దారిలో ఐదో రౌటర్ దగ్గర, మూడు నక్షత్రాలు వచ్చి, ఆరు నుంచి చివరిదాకా మామూలుగా ఉంటే ఐదో రౌటర్ జవాబివ్వడం లేదంతే, ప్యాకెట్లను మాత్రం పంపుతూనే ఉంది. ట్రేస్‌ను ఆపకుండా నడిపి నష్టం లెక్కగట్టే ఎంటీఆర్‌లో మధ్య హాప్‌లో 40 శాతం నష్టం, చివరి హాప్‌లో 0 శాతం కనిపించినా ఇదే సంగతి. రౌటర్లు ఐసీఎంపీ ఎర్రర్ల తయారీకి పరిమితి పెట్టుకుంటాయి. నష్టం ఒక హాప్‌లో మొదలై చివరిదాకా కొనసాగితేనే అనుమానించండి. ఆలస్యానికీ ఇదే సూత్రం. కనీసం 100 ప్యాకెట్లు పంపకుండా శాతాల గురించి మాట్లాడొద్దు. ఒకే రెండు అడ్రస్‌లు మార్చి మార్చి వస్తుంటే అది లూపు, ఆ రెండు రౌటర్ల రూట్ టేబుళ్లు చూడాలి.

ఎక్కువమందిని రోజుల తరబడి తిప్పే సమస్య టైప్ 3 కోడ్ 4. లక్షణాలు ఇలా ఉంటాయి: పింగ్ పనిచేస్తుంది, కనెక్షన్ కలుస్తుంది, ఆ తర్వాత పేజీ తెరుచుకోకుండా వేలాడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి లాగిన్) అయితే కీలు మార్చుకునే దగ్గర ఆగిపోతుంది. చిన్న ప్యాకెట్లు దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి. దారిలో ఒకచోట ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) తక్కువగా ఉంటే, ముక్కలు చేయొద్దన్న గుర్తు ఉన్న పెద్ద ప్యాకెట్‌ను అక్కడి రౌటర్ పడేసి, సైజు తగ్గించుకోమని కోడ్ 4 పంపుతుంది. ఎవరో ఫైర్‌వాల్‌లో భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తం మూసేస్తే ఆ కబురు పంపినవాడికి చేరదు. వాడు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటాడు.

దీన్ని కొలవడం తేలిక. విండోస్ పింగ్‌లో హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472 ఇవ్వండి. లినక్స్‌లో హైఫన్ క్యాపిటల్ ఎం డూ, హైఫన్ స్మాల్ ఎస్ 1472. ఈ 1472కి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే సరిగ్గా 1500. అది దాటకపోతే 1464 ప్రయత్నించండి. అది దాటి, 1465 ఆగితే ఎంటీయూ 1492. పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ లైన్లు వాడే పద్ధతి) తన 8 బైట్లు తీసుకున్న గుర్తు అది. వీపీఎన్ టనెల్ అయితే ఇంకా తగ్గుతుంది, సైజు తగ్గిస్తూ హద్దు పట్టుకోండి. వెంటనే "ప్యాకెట్ నీడ్స్ టు బీ ఫ్రాగ్మెంటెడ్" అని వస్తే ఎవరో కబురు చెబుతున్నారు, మంచిదే. 1472కి ఏ మెసేజూ లేకుండా టైమవుట్ వచ్చి, 1400 సాఫీగా వెళితే కబురు మధ్యలోనే చస్తోంది. అసలు మందు టైప్ 3 కోడ్ 4ను ఫైర్‌వాల్‌లో వదలడమే. ఆ ఫైర్‌వాల్ మీ చేతిలో లేకపోతే మీ రౌటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ పెట్టండి, అంటే ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లోని డేటా హద్దు (ఎంఎస్‌ఎస్) తగ్గించండి. 1492 ఎంటీయూకి ఎంఎస్‌ఎస్ 1452. ఇది టీసీపీని మాత్రమే కాపాడుతుంది, యూడీపీ మీద నడిచే వాటికి పనికిరాదు.

ఐపీవీ6లో ఐసీఎంపీని మూసేయడం మరీ ప్రమాదం. అక్కడ రౌటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు, "ప్యాకెట్ టూ బిగ్" అని టైప్ 2 పంపడమే వాటి పని. పక్క మెషీన్‌ను కనుక్కునే పద్ధతి కూడా టైప్ 135, 136 మీదే నడుస్తుంది కాబట్టి వాటిని ఆపితే పక్కనున్న మెషీన్ కూడా అందదు. ఐపీవీ4లో టైప్ 3, 11 వదిలి, రీడైరెక్ట్ (వేరే రౌటర్ వాడమనే కబురు) అయిన టైప్ 5 మూసినా నష్టం లేదు. ఎకోకు సెకనుకి ఇన్నని పరిమితి పెడితే చాలు.

అవతలివాళ్లకు లేదా సర్వీస్ ప్రొవైడర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు ఒకవైపు ట్రేస్ పంపితే సరిపోదు. వెళ్లే దారి, తిరిగొచ్చే దారి వేరు కావచ్చు, మీ ట్రేస్‌లో కనిపించేది వెళ్లే దారి మాత్రమే. రెండు చివర్ల నుంచీ ఒకే సమయంలో తీసిన ఎంటీఆర్ ఫలితాలు, టైమ్‌జోన్‌తో సహా సమయం, రెండు అడ్రస్‌లు, ప్రోటోకాల్, పోర్ట్, దాటిన పెద్ద సైజు, ఆగిన చిన్న సైజు, ఎర్రర్ వచ్చి ఉంటే దాన్ని పంపిన రౌటర్ అడ్రస్, ఇవన్నీ ఒకే మెయిల్‌లో పెట్టండి.