పరుగులో మొరిగే లర్చర్ కుక్కపిల్లను దారికి తేవడం

ఇంగ్లండ్‌లో రాత్రిపూట లైటు వేసి కుందేళ్లు పట్టించే లర్చర్ (గ్రేహౌండ్ లాంటి వేగమైన జాతిని మరో జాతితో కలిపి పుట్టించిన వేటకుక్క), పరుగులో మొరుగుతోందంటే చాలావరకు తొందరపడి వేటకు దించడమే కారణం. కంచె పక్కన మేసే కుందేలు క్షణంలో బొరియలో దూరుతుంది. అందక, ఆ చిరాకుతో పిల్ల అరుస్తుంది. అది అలవాటైతే మాన్పించడం మహా కష్టం.

నాకు పనిచేసింది ఇది. వేట పూర్తిగా ఆపి, పిల్లకు ఏడాది వయసు నిండేదాకా కుందేలు తోలు చుట్టిన డమ్మీని (ఉత్తుత్తి వేటను) విసిరి తెప్పించడమే: రోజుకు నాలుగైదు సార్లు, విసుగు రాకముందే ఆపేయాలి. తర్వాత వెన్నెల లేని, గాలి బాగా వీచే రాత్రి చూసుకుని, గాలికి ఎదురుగా నడిచి, కంచెకు బాగా దూరంగా నక్కి కూర్చున్న కుందేలు మీదికే వదలాలి. రెండు మూడు పరుగులు చాలు. తిరిగొచ్చేటప్పుడు లైటు కుక్క కళ్లలో కొట్టకుండా మన కాళ్ల ముందు నేల మీద వేస్తే నేరుగా వస్తుంది.

అక్కడ పొలం యజమాని అనుమతి తప్పనిసరి. మన దగ్గర మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చెవులపిల్లి వేట నేరం. ఇక్కడ డమ్మీ దగ్గరే ఆగాలి.