గేమ్ పాత్రల కోసం ఊహాపరికరాలను రూపొందించే పద్ధతి

వీడియో గేమ్‌లోని పాత్ర కోసం మనం సృష్టించే ప్రతి పరికరాన్నీ ఇద్దరు వాడతారు. ఆ లోకంలో బతుకుతూ దాన్ని చేతపట్టుకునే పాత్ర ఒకరు, ఇవతల కూర్చుని తెరమీద దాన్ని చూసే ఆటగాడు మరొకరు. ఈ పనికి కొత్తగా దిగినవారిలో చాలామంది ఆటగాడి తెరతోనే మొదలుపెడతారు. ఒక మూల ప్రాణశక్తిని చూపే గీత, మరో మూల చిన్న మ్యాపు, కింద తూటాల లెక్క అమర్చి, ఆ తర్వాత వాటికి లోహపు అంచులో నీలికాంతులో అద్దుతారు. అలా తయారైనదాన్ని ఏ గేమ్‌లో పెట్టినా ఇమిడిపోతుంది కాబట్టి, అది ఫలానా పాత్రదని ఎవరూ గుర్తుపట్టలేరు. పాత్ర చేతి దగ్గర మొదలుపెట్టి ఆటగాడి కంటి దగ్గరకు రావడమే సరైన దారి అని నా గట్టి అభిప్రాయం.

అందుకే గీయడానికి ముందు రాసుకోవాలి. పాత్ర చేసే పని ఏమిటి, ఆ పనిలో ఏ చేయి ఖాళీగా ఉంటుంది, చుట్టూ వెలుతురు ఎంత, చప్పుడు ఎంత, పరికరాన్ని కొన్నది తానా లేక యజమానా, అది పాడైతే జరిగే నష్టమేమిటి అన్న ప్రశ్నలకు ఒక పేజీ మించకుండా జవాబులు రాసుకోండి. పాత్ర బాల్యం, కుటుంబ చరిత్ర కథారచయితకు అవసరం గాని, పరికరాన్ని గీసేవారికి అంతగా అక్కరకు రావు.

ఉదాహరణకు, నీట మునిగిన ఒక నగరంలో శిథిలాల నుంచి లోహాన్ని కోసి పైకి తెచ్చే స్త్రీ పాత్రను ఊహిద్దాం. ఎంత గాలి మిగిలిందో చెప్పే మీటరు ఆమెకు కావాలి. కుడిచేతిలో కోత పనిముట్టు ఉంటుంది కనుక మీటరు ఎడమ మణికట్టు మీద ఉండాలి. చేతులకు మందపాటి తొడుగులు ఉంటాయి కనుక టచ్‌స్క్రీన్ పనికిరాదు, బొటనవేలితో తోయగల పెద్ద మీట కావాలి. నిజజీవితంలో స్కూబా డైవర్లు సాధారణంగా 200 బార్ల పీడనంతో నింపిన సిలిండరుతో దిగి, 50 బార్లు మిగిలి ఉండగానే పైకి చేరాలని చూసుకుంటారు, మీటర్లలో ఆ చివరి భాగాన్ని ఎర్రగా గుర్తిస్తారు. అయితే నీరు ఎర్రటి కాంతిని త్వరగా పీల్చేస్తుంది. దీపం లేకుండా లోతుకు వెళితే ఎర్ర పూత నల్లగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది. కాబట్టి ఆ లెక్కను అలాగే ఉంచి హెచ్చరికను మాత్రం మార్చుదాం: డయల్‌లోని చివరి పావువంతుకు ఏటవాలు గీతలు వేసి, ముల్లు అక్కడికి చేరగానే మణికట్టుకు అదురు తెలిసేలా చేద్దాం.

ఇక్కడివరకు వచ్చింది పనికొచ్చే మీటరు మాత్రమే, దానిలో కథ ఇంకా లేదు. ఆమె పీల్చే గాలి సొంతం కాదనీ, ఒక కంపెనీ దాన్ని అద్దెకిస్తోందనీ అనుకోండి. అప్పుడు పెద్ద డయల్ మీద కనిపించేది గాలి కాదు, ఇంకా తీర్చాల్సిన అద్దె. గాలిని చూపే ముల్లు పక్కనున్న చిన్న కిటికీలోకి తప్పుకుంటుంది. కంపెనీ ముద్ర పెద్దగా ఉంటుంది, మీట దగ్గరి అక్షరాలు వేళ్ల రాపిడికి చెరిగిపోయి ఉంటాయి. ఆ చిన్న కిటికీ గాజుమీద, ప్రమాదరేఖకు కాస్త ముందు, ఇంతకుముందు దాన్ని అద్దెకు తీసుకున్న ఎవరో మేకుతో గీసిన గీత ఒకటి ఉంటుంది. కంపెనీ చెప్పే హద్దును నమ్మకూడదని ఆ గీత ఆటగాడికి ఒక్క మాట లేకుండా చెబుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇదే. తయారుచేసినవారి స్వార్థమూ వాడినవారి అనుభవమూ ఒకే వస్తువు మీద కనిపించేవరకు దాన్ని వదలకండి.

2008లో వచ్చిన డెడ్ స్పేస్ అనే భయానక గేమ్‌ను ఈ దృష్టితో చూడండి. అందులో ఐజాక్ క్లార్క్ ఇంజనీరు, అతని ప్లాస్మా కట్టర్ అసలు గనుల పనిముట్టు. ప్రాణశక్తి సూట్ వెన్నెముక మీద వెలుగుతుంది, కెమెరా అతని వెనకే ఉంటుంది కనుక ఆటగాడికి తెరమూలలో మరో గీత అవసరం రాదు. సామాన్ల పట్టిక అతని ముందే గాలిలో తెరుచుకుంటుంది, దాన్ని చూస్తున్నంతసేపూ ఆట ఆగదు. ఆ ఆగకపోవడమే భయాన్ని పెంచుతుంది. 2002 నాటి మెట్రాయిడ్ ప్రైమ్ గేమ్‌లో తెరంతా నాయిక సామస్ హెల్మెట్ అద్దమే. ఆవిరి తగిలితే అది మసకబారుతుంది, దగ్గరలో పెద్ద వెలుగు మెరిస్తే ఆమె ముఖం అందులో ప్రతిబింబిస్తుంది.

ఏ సమాచారాన్ని లోకంలో ఉంచాలి, దేన్ని తెరమీద ఉంచాలి అన్నది తేల్చుకోవడానికి, స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో ఫాగర్‌హోల్ట్, లోరెంట్‌జోన్ అనే ఇద్దరు 2009లో రాసిన సిద్ధాంతవ్యాసం చక్కగా తోడ్పడుతుంది. అందులోని విభజనను రెండు ప్రశ్నలుగా గుర్తుపెట్టుకోవచ్చు: ఇది కథలో ఉన్నదేనా? ఆట చోటుచేసుకునే త్రీడీ స్థలంలో ఉందా? రెంటికీ అవునంటే అది డైజెటిక్, ఐజాక్ వెన్నెముక మీది గీతలాగా. రెంటికీ కాదంటే మామూలు మెనూ. దెబ్బ తగిలినప్పుడు తెరమీద చిమ్మే రక్తం కథకు చెందుతుంది గాని ఆ స్థలంలో ఉండదు. నేలమీద దారి చూపే మెరుపు గీత ఆ స్థలంలో ఉంటుంది గాని పాత్రకు కనిపించదు. అన్నిటినీ డైజెటిక్ చేయాలన్న పట్టుదల వద్దు. సేవ్, శబ్దం స్థాయి, కంట్రోళ్ల మార్పు వంటివి కథకు బయట ఉంటేనే మేలు.

ఇప్పుడు ఆటగాడి వంతు. పాత్ర మణికట్టును కంటికి దగ్గరగా తెచ్చుకోగలదు, ఆటగాడు సోఫాలోంచి లేచి రాడు. చూపు వంటి ఇబ్బందులున్నవారూ ఆడగలిగేలా రూపొందించిన ఎక్స్‌బాక్స్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కన్సోల్ ఆటల్లో 1080పీ తెరకు అక్షరాల ఎత్తు డిఫాల్ట్‌గా కనీసం 26 పిక్సెళ్లు ఉండాలంటాయి. వెబ్ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగుల తేడా, కనీసం 4.5:1 ఉండాలి. మన మీటరు తెరలో చిన్న భాగమే కనుక, అంకెలను తగ్గించి ముల్లు కోణంతోనే విషయం తెలిసేలా చేయాలి. చిత్రాన్ని నలుపుతెలుపుల్లోకి మార్చి చూడండి, ప్రమాదం అప్పుడూ తెలియకపోతే మీరు రంగుమీదే ఆధారపడ్డారన్నమాట.

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు అట్టముక్కతో నమూనా చేసి మణికట్టుకు కట్టుకోండి, మందపాటి తొడుగు వేసుకుని మీటను తోయండి, మరో చేత్తో బరువు పట్టుకుని డయల్ చదవండి. మీట ఎంత పెద్దదిగా ఉండాలో, పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత తెరల డిజైన్‌కు వాడే ఫిగ్మాలో డయల్‌నూ, త్రీడీ సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌లో పరికరాన్నీ తయారుచేయవచ్చు. మామూలు స్థితితో ఆపేయకుండా, గాలి నిండుగా ఉన్నప్పుడు, హెచ్చరికలో, గాజు పగిలినప్పుడు, బ్యాటరీ అయిపోయినప్పుడు అది ఎలా ఉంటుందో విడివిడిగా గీయాలి. ఆటలో ఉద్వేగమంతా పుట్టేది ఆ చివరి స్థితుల్లోనే కనుక వాటికే ఎక్కువ సమయం ఇవ్వండి.

పోర్ట్‌ఫోలియోలో పెట్టేటప్పుడు పరికరాన్ని తెల్లని నేపథ్యం మీద ఒంటరిగా వదలకండి. పాత్ర చేతికి ఉన్నప్పటి చిత్రం, ఆట జరుగుతున్నప్పుడు అసలు పరిమాణంలో తెరమీద కనిపించే చిత్రం, గీతలూ ముద్రలూ తెలిసేలా దగ్గరి చిత్రం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ప్రతి నిర్ణయం పాత్ర పేజీలోని ఏ జవాబు నుంచి వచ్చిందో వాటి కింద ఒక్కో వాక్యంలో రాయండి.