జెల్‌లో డీఎన్‌ఏ ఓరిగామి చెదిరిపోతుంటే నాకు పనిచేసిన మార్గం

బరంపురంలోని మా ల్యాబ్‌లో బంగారు నానో కణాలను వరుసగా నిలపడానికి డీఎన్‌ఏ ఓరిగామి పలకలు (డీఎన్‌ఏ పోగులను కాగితంలా మడిచి చేసే నానో ఆకారాలు) చేస్తున్నాం. 2006లో పాల్ రోథెముండ్ చూపిన పద్ధతే: ఎం13 వైరస్‌ నుంచి తీసిన పొడవాటి ఒంటి పోగును రెండు వందలకు పైగా చిన్న పోగులతో మడవడం. వేడిచేసి మెల్లగా చల్లార్చేవరకు బాగానే ఉంది. సరిగ్గా మడిచినవాటిని వేరుచేయడానికి కరెంటు పెట్టి జెల్‌లో నడిపితే మాత్రం, సన్నటి గీతలా రావాల్సిన బ్యాండ్ బదులు అలికినట్టు మరక. ఒకటే టెన్షన్.

పర్లాకిమిడి నుంచి వచ్చిన మా సీనియర్ అక్క చూడగానే, "బఫర్‌లో మెగ్నీషియం ఉందేటమ్మా?" అంది. లేదు. మా బఫర్, అంటే జెల్‌ను ముంచి ఉంచే ద్రావణం, అందరూ వాడే మామూలు టీఏఈ. డీఎన్‌ఏ పోగులన్నిటిదీ రుణావేశమే, పక్కపక్కన పేరిస్తే తోసుకుంటాయి. మెగ్నీషియం అయాన్లే వాటిని పట్టి ఉంచుతాయి. టీఏఈలోని ఈడీటీఏ అనే రసాయనం ఆ ఉన్న కాస్త మెగ్నీషియాన్నీ లాగేస్తుంది. పైగా మే నెల, బరంపురం ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. జెల్ పెట్టె వేడెక్కితే మడతలు ఇంకా తొందరగా విడిపోతాయి.

జెల్‌లోనూ, బఫర్‌లోనూ 11 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపాను. వోల్టేజీ తగ్గించి, పెట్టెను ఐస్‌ ట్రేలో పెట్టాను. మెగ్నీషియం ఉంటే కరెంటు ఎక్కువ పారి వేడి పెరుగుతుంది, అందుకని ఐస్ తప్పదు. జెల్ నత్తనడకే, విసుగొస్తుంది. బ్యాండ్ మాత్రం సన్నగా, విడిగా వచ్చింది. ఆ ముక్క కోసి పలకలు తీశాం. ఇప్పుడు బంగారం ఎక్కిస్తున్నాం.