గాజు ఊదడం, 4వ పాఠం: ముందు అది ఏ గాజో తేల్చుకోండి

ఈసారి గొట్టం మధ్యలో బుడగ ఊదడం చెప్పాలి. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయినసారి రెండు గొట్టాలు అతికించి, చివర గుండు ఊదమన్నాను. కొందరికి గుండు నిక్షేపంగా వచ్చింది, చల్లారేసరికి అతుకు దగ్గర చిట్లింది. ఇంకొందరికి పది నిమిషాలు మంటలో పెట్టినా గాజు మెత్తబడనే లేదు. రెండింటికీ మూలం ఒక్కటే: చేతిలో ఉన్నది ఏ గాజో చూసుకోకపోవడం. నేను అప్పుడే చెప్పాల్సింది.

సోడా గాజు (కిటికీలకు, సీసాలకు వాడే మామూలు గాజు), బోరోసిలికేట్ (ల్యాబ్ పాత్రలకు వాడే, వేడికి తట్టుకునే గాజు) చూపుకు ఒకేలా ఉంటాయి. సోడా గాజు 700 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది, గ్యాసూ గాలీ కలిసిన మంట చాలు. బోరోసిలికేట్‌కు 820 దాటాలి, ఊదాలంటే ఇంకా చాలా వేడి కావాలి. మంటకు ఆక్సిజన్ తోడైతే తప్ప లొంగదు. పైగా వేడికి సోడా గాజు దాదాపు మూడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అంతగానూ ముడుచుకుంటుంది. రెండూ అతికిస్తే ఎంత నిదానంగా చల్లార్చినా నిలవదు. దయచేసి "ఈసారి ఇంకాస్త మెల్లగా చల్లారుస్తాను" అనుకోకండి. గంటలకు గంటలు వృథా అవుతాయి.

ఏ గాజో తేల్చడానికి నేను వాడేది గ్లిసరిన్. మందుల షాపులో దొరుకుతుంది. గొట్టం ముక్కను అందులో ముంచండి, లోపలా నిండాలి. బోరోసిలికేట్ అయితే దాదాపు మాయమైపోతుంది. దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.47, గ్లిసరిన్‌దీ అంతే. సోడా గాజుది 1.52, అందుకే అంచులు కనిపిస్తూనే ఉంటాయి. ఇలా తేలగానే బోరోసిలికేట్ గొట్టాలకు నీలి గీత పెట్టి వేరే డబ్బాలో వేస్తాను.

గ్లిసరిన్ లేకపోతే రెండు ముక్కల చివర్లు పక్కపక్కన కరిగించి కలిపి, మంట బయటికి తీసి జానెడు పోగు లాగండి. చల్లారాక తిన్నగా ఉంటే జోడీ కుదిరినట్టే. వంపు తిరిగితే, వంపు లోపలివైపున్నది ఎక్కువ ముడుచుకునే గాజు. ఆ రెండూ అతకవు.

పాత ట్యూబులైటు గొట్టాల జోలికి మాత్రం పోకండి, లోపల పాదరసం ఉంటుంది.

అభ్యాసం: 8 మిల్లీమీటర్ల గొట్టం చివర మూసి, ఆపకుండా తిప్పుతూ అక్కడ గాజు మందంగా పోగయ్యేలా చేయండి. మంటలోంచి తీశాక, తిప్పుతూనే ఊదండి. మంటలో ఉండగా ఊదితే పల్చబడి పగులుతుంది. 20 మిల్లీమీటర్ల గుండ్లు పది కావాలి. అట్టకు అదే కొలతలో కన్నం చేసి ఒక్కొక్కటీ దూర్చి చూడండి. ఇరుక్కున్నవీ వదులుగా జారిపోయినవీ లెక్కలోకి రావు.