బయటి అభ్యర్థికి తీవ్ర మితవాదుల మద్దతు: ఆ వాదనను చదివే పద్ధతి

పార్టీ పెద్దల అండ లేకుండా, పైపెచ్చు వారినే దుయ్యబడుతూ ఒక అభ్యర్థి బరిలోకి దిగితే, ఆన్‌లైన్‌లోని తీవ్ర మితవాద (ఫార్ రైట్) బృందాల్లో వెంటనే ఒక వాదన మొదలవుతుంది: ఇతడు మనవాడా, కాదా? అమెరికా రాజకీయాల గురించి తెలుగులో రాసేవారు, ఆ వార్తలను అనువదించేవారు ఈ వాదనను పైపైన చదివితే రెండు విధాలుగా పొరబడే ప్రమాదం ఉంది. శ్వేతజాతి ఆధిపత్యవాదులంతా ఫలానా నాయకుడి వెనకే ఉన్నారని తేల్చెయ్యడం మొదటిది. వాళ్లే అతణ్ణి తిడుతున్నారు కాబట్టి అసలు సంబంధమే లేదని కొట్టిపారెయ్యడం రెండోది. 2015 జూన్‌లో డొనాల్డ్ ట్రంప్ పోటీ ప్రకటించిన నాటి నుంచి సాగిన వాదన ఇందుకు మంచి ఉదాహరణ.

ముందుగా, మద్దతు ఇస్తున్నారా లేదా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎందుకోసం ఇస్తున్నారో చూడండి. శ్వేతజాతి ఆధిపత్య సంస్థ కు క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు, ఒకప్పుడు లూసియానా శాసనసభలో సభ్యుడిగా కూడా ఉన్న డేవిడ్ డ్యూక్ 2016 ఫిబ్రవరిలో తన రేడియో కార్యక్రమంలో మాట్లాడిన తీరును దగ్గరగా గమనించండి. ట్రంప్‌కు వ్యతిరేకంగా ఓటెయ్యడం వారసత్వానికి చేసే ద్రోహమని ఆయన శ్రోతలకు చెప్పాడు. అదే ఊపులో, ట్రంప్ చెప్పే ప్రతిదాన్నీ తాను సమర్థించడం లేదని, లాంఛనంగా మద్దతు ప్రకటించనూ లేదని, వ్యూహంగా మాత్రమే ఓటెయ్యమంటున్నానని కూడా అన్నాడు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే పట్టుకున్న పత్రిక సగం వార్తే ఇచ్చినట్టు. అభ్యర్థి మీద భక్తి కన్నా అభ్యర్థి వల్ల కలిగే ప్రయోజనమే ఆ వాదనకు ఇరుసు: నిన్నటిదాకా సభ్య సమాజంలో అనకూడని మాటలను అతడు వేదిక మీద అంటున్నాడు, కాబట్టి మన మాటలకూ చోటు దొరుకుతుందన్నదే వారి లెక్క.

తర్వాత అభ్యంతరాలను చదవాలి. నా దృష్టిలో మద్దతు మాటలకన్నా వీటిలోనే అసలు సిద్ధాంతం బయటపడుతుంది. ట్రంప్ కూతురు యూదు మతం స్వీకరించింది, అల్లుడు యూదుడు, ఆయన ఇజ్రాయెల్‌ను బాహాటంగా సమర్థిస్తాడు. ఈ బృందాల్లో ఆయన్ను నమ్మనివారు పదేపదే ఎత్తిచూపినవి ఇవే. పన్నుల మీద, ఆసుపత్రి ఖర్చుల మీద ఒక్క మాటా లేకుండా పుట్టుక మీదే వాదన నడుస్తుంటే, ఆ బృందం దేనికోసం ఉందో వేరే చెప్పనక్కరలేదు. వీరికి తోడు మరో రకం వారుంటారు: వ్యవస్థ కూలిపోవాలని కోరుకుంటూ, అందుకు ఎక్కువ గందరగోళం సృష్టించగలవాడికే ఓటెయ్యాలనేవారు. వీరిని అభ్యర్థి అభిమానుల ఖాతాలో వెయ్యకండి.

అభ్యర్థి ఏం జవాబిచ్చాడన్నది వేరే పట్టికలో, తేదీలతో రాసుకోవాలి. ఎవరు మద్దతివ్వాలో అభ్యర్థి చేతిలో ఉండదు గానీ, దానికి ఎలా స్పందించాలో పూర్తిగా అతని చేతిలోనే ఉంటుంది. 2008 ఎన్నికల కోసం రిపబ్లికన్ పోటీలో నిలిచిన రాన్ పాల్‌కు, శ్వేతజాతి ఆధిపత్యవాదుల వెబ్‌సైట్ స్టార్మ్‌ఫ్రంట్ స్థాపకుడు డాన్ బ్లాక్ 500 డాలర్ల విరాళం పంపితే, ప్రచార బృందం దాన్ని తిరిగివ్వబోమని చెప్పింది. డ్యూక్ విషయంలో ట్రంప్ 2016 ఫిబ్రవరి 26న ఆ మద్దతు తనకు వద్దన్నాడు, 28న సీఎన్‌ఎన్ ముఖాముఖిలో ఆయనెవరో తనకు తెలియదన్నాడు, ఆపైన చెవిలోని ఇయర్‌పీస్ సరిగా పనిచెయ్యలేదన్నాడు. తేదీలు వరసగా లేకపోతే, ఎవరికి నచ్చిన రోజును వారు ఏరుకుని వాడుకుంటారు. ఈ తడబాటును ఆ బృందాలు ఎలా చదువుకున్నాయో కూడా పక్కనే రాయండి. గట్టిగా ఖండించనంతకాలం లోలోపల ఒప్పుకుని కన్నుగీటినట్టే లెక్కవేసుకోవడం వారి అలవాటు.

బెడిసిన రోజులు మరీ విలువైనవి. 2017 ఏప్రిల్‌లో సిరియా వైమానిక స్థావరం మీదకు అమెరికా 59 టోమహాక్ క్షిపణులు ప్రయోగించినప్పుడు, కొన్ని నెలల ముందు వాషింగ్టన్ సభలో ట్రంప్ గెలుపును కీర్తించిన శ్వేతజాతి జాతీయవాది రిచర్డ్ స్పెన్సర్ శ్వేతసౌధం దగ్గర నిరసనకు దిగాడు. 2024 ఆగస్టులో అదే బాపతు ఆన్‌లైన్ వ్యాఖ్యాత నిక్ ఫ్యుయెంటెస్ ట్రంప్ ప్రచార బృందం మీదే ఆన్‌లైన్ యుద్ధం ప్రకటించాడు. ఇలాంటి విరోధాన్ని మనసు మారడంగా రాయకూడదు. వారి కోర్కెల జాబితా అలాగే ఉంది. అభ్యర్థి దాన్ని తీర్చడం లేదన్నదే కోపం.

సంఖ్యల విషయంలో చేతిని బిగబట్టండి. మారుపేర్లతో ఒకరే పది ఖాతాలు నడిపే చోట, వెటకారాన్ని కవచంగా వాడుకునే చోట, లైకులను ఓట్లుగా లెక్కించడం కుదరదు. నినాదాలనూ బొమ్మలనూ యథాతథంగా అచ్చువేస్తే వారి ప్రచారం మీరు ఉచితంగా చేసిపెట్టినట్టవుతుంది. సారాంశం చెబితే చాలు.

ఇక మన ఇళ్లకు నేరుగా తగిలే వాదన హెచ్-1బీ. 2024 డిసెంబరులో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను కృత్రిమ మేధ సలహాదారుగా ట్రంప్ ఎంపిక చెయ్యగానే, ట్రంప్ మద్దతుదారే అయిన లారా లూమర్ వంటివారు విరుచుకుపడ్డారు. మస్క్, వివేక్ రామస్వామి విదేశీ నిపుణుల పక్షాన నిలిచారు. ఆ వీసాలంటే తనకు ఇష్టమేనని ట్రంప్ అప్పుడు అన్నాడు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిందీ ఆయనే. ఈ వీసాను వ్యతిరేకించే ప్రతివారూ జాత్యహంకారులు కారు. జీతాలు తగ్గుతున్నాయని అభ్యంతరం చెప్పే కార్మిక సంఘాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వేరు చెయ్యడానికి ఒక్క ప్రశ్న వేసి చూడండి: వీసా నిబంధనలు, జీతాలు పూర్తిగా సరిదిద్దితే ఈ అభ్యంతరం పోతుందా? రామస్వామి ఒహాయోలో పుట్టిన అమెరికా పౌరుడు, 2024లో తానే ఒక బయటి అభ్యర్థి. ఆయన చెప్పే చాలా విషయాలతో ఏకీభవిస్తూనే, భారతీయుడు కాబట్టి ఓటెయ్యనని వ్యాఖ్యాత ఆన్ కూల్టర్ 2024 మేలో ఆయన పాడ్‌కాస్ట్‌లోనే చెప్పింది. ఇలాంటి మాటను వీసా చర్చ కింద కాకుండా జాతి చర్చ కింద నమోదు చేసుకోవాలి.