గోల్ఫ్ బంతి కోర్ మోల్డు వేడిని అదుపులో పెట్టడం ఎలా?

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో రబ్బరు ప్రెస్సుల దగ్గర నిలబడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. బుష్షులూ గాస్కెట్లూ చేసే చేతులకు గోల్ఫ్ బంతి కోర్, అంటే కవరు లోపలి గుండు, ఆర్డరు రాగానే "రబ్బరు గుండే కదా" అన్న ధీమా వస్తుంది. గాస్కెట్టు ఐదు డిగ్రీలు అటూ ఇటూ ఉడికినా ఇంజను ఊరుకుంటుంది. బంతి ఊరుకోదు. ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో కొట్టి చూస్తే ఒకటి టంగుమంటుంది, ఇంకొకటి తడిగుడ్డ ముద్దలా చప్పుడు చేస్తుంది. రెండూ ఒకే రోజు, ఒకే మోల్డులో పుట్టినవే.

కావలసినవి: నీళ్ల దారులున్న ప్లాటెన్లతో (మోల్డును పైనా కిందా నొక్కే ఇనుప పలకలతో) హైడ్రాలిక్ ప్రెస్సు, మోల్డు, హీటర్లు, జోనుకొక (ఒక్కో హీటర్ల గుంపుకొక) కె టైపు థర్మోకపులు, అంటే వేడి కొలిచే తీగ, ఆ కొలత చూసి హీటర్లను అదుపు చేసే పీఐడీ కంట్రోలరు జోనుకొకటి, ఇన్సులేషన్ బోర్డు, టైమరు, తోలు గ్లవ్స్. కాంపౌండు, అంటే రబ్బరు మిశ్రమం, అందరికీ తెలిసిందే: పాలీబ్యుటాడయీన్ రబ్బరు, జింక్ డయాక్రిలేట్, జింక్ ఆక్సైడ్, డైక్యుమిల్ పెరాక్సైడ్. రోలర్ల మిల్లు మీద కలిపి, స్లగ్గులు, అంటే మోల్డు గుంతకొకటి చొప్పున ముక్కలు, కోసి, ఒక్కొక్కటీ తూచండి. కవరు ఎక్కి తయారైన బంతి 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 45.93 గ్రాములకు మించకూడదు. కాబట్టి తూకం దగ్గర బద్ధకం వద్దు.

వేడి 160 డిగ్రీలు, సమయం 15 నిమిషాలు. 155లో ఇంకాస్త సేపు ఉంచేవాళ్లున్నారు, 170లో గబగబా దించేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల బంతులు వాళ్లిష్టం. పది డిగ్రీలు పెరిగితే క్యూరింగ్ వేగం దాదాపు రెట్టింపవుతుందని మాత్రం గుర్తుంచుకోండి. వేడి నూనె తిప్పే పద్ధతి మంచిదని మా పక్క షెడ్డు ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. ఆ నూనె కారుతుంది, కంపు కొడుతుంది, ఒక మూలను మాత్రం పెంచుదామంటే కుదరదు. హీటర్లే పెట్టండి.

అసలు తిప్పలు ఇక్కడి నుంచి.

కంట్రోలరు మీద కనిపించే 160 మోల్డు వేడి కాదు. థర్మోకపులు కొన ఎక్కడుందో అక్కడి వేడి, అంతే. చాలామంది దాన్ని ప్లాటెన్‌లో, హీటరు పక్కనే దూర్చి వదిలేస్తారు. స్లగ్గు కూర్చునే గుంత దానికి దూరం. పైగా మోల్డు తెరిచి స్లగ్గులు పేర్చే రెండు మూడు నిమిషాల్లో గుంతల వేడి పడిపోతుంది, ప్లాటెన్‌కు ఆ సంగతే తెలియదు. "డిస్‌ప్లేలో నూట అరవయ్యే ఉంది కదండీ గురూగారూ!" అని కొత్త కుర్రాడు ప్రతివాడూ అంటాడు. ఉంటుంది నాయనా, డిస్‌ప్లేలోనే ఉంటుంది.

అందుకని గుంతల్లోనే కొలవాలి. సన్నని కె టైపు తీగ తీసుకుని ఖాళీ మోల్డులో ఒక్కొక్క గుంత అడుగున ఆనించి, ముల్లు నిలబడేదాకా ఆగి, సుద్దముక్కతో నేల మీద మోల్డు బొమ్మ గీసి ఏ గుంతకు ఎంతో రాసుకోండి. మూలలు తక్కువ చూపిస్తాయి, నడిమివి ఎక్కువ చూపిస్తాయి. కొసల హీటర్ల జోను సెట్టింగు పెంచి, పక్కల బోర్డు కట్టి, అన్ని గుంతలూ రెండు డిగ్రీల తేడాలోకి వచ్చేదాకా ఇదే పని. పూట పట్టినా పట్టనివ్వండి. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన గన్నును ఇక్కడికి తేకండి, అది ఒంటి జ్వరం చూడటానికి. ఫ్యాక్టరీల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్నయినా క్రోమ్ పూసిన మెరిసే గుంతలో బాగా తక్కువే చూపిస్తుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే తలుపు వైపున్న గుంతల వరస చల్లబడుతుంది. మా షెడ్డులో ఆ వరస ఉదయం బాగుండి రెండు గంటలకు పాడయ్యేది. కారణం తెలియక కాంపౌండు మీద పడ్డాం, మిల్లు కుర్రాణ్ణి తిట్టాం. ఆఖరికి తలుపుకు అడ్డంగా పాత టార్పాలిన్ కట్టాక కుదురుకుంది. కొలతలు పొద్దున ఒకసారి, గాలి తిరిగాక ఒకసారి తీసుకోండి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ తీగ దగ్గర తగిలింది. థర్మోకపులు నుంచి కంట్రోలరు దాకా వెళ్లే కాంపెన్సేటింగ్ కేబులును ఉప్పుగాలి తినేస్తే, దాన్ని తీసేసి, ఎలక్ట్రీషియను మామూలు రాగి తీగ కలిపి వెళ్లాడు. కంట్రోలరు బుద్ధిగా 160 చూపిస్తోంది. కోర్లు మాత్రం రాళ్లలా వస్తున్నాయి. లెక్క ఇదీ: థర్మోకపులు తల దగ్గర, అంటే కేబులు కలిసే చోట, 60 డిగ్రీలు, ప్యానెలు దగ్గర 35. రాగి తీగ ఆ మధ్యనున్న 25ను మింగేస్తుంది. కంట్రోలరుకు 160 కనబడాలంటే మోల్డు 185కు ఎక్కాలి. కాబట్టి కె టైపుకు కె కేబులే వేయండి, ప్లస్ మైనస్‌లు తారుమారు కానివ్వకండి. అమెరికా రంగుల కేబుల్లో ఎర్ర తీగ మైనస్. ఎరుపంటే ప్లస్ అని చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి అక్కడే తప్పు చేస్తుంది.

ఇవన్నీ కుదిరాక స్లగ్గులు వేసి, మూసి, గాలి పోయేలా రెండుసార్లు వదిలి బిగించి, టైమరు నొక్కండి. లోపల గుండు మధ్య భాగం మొదట వెనకబడి ఉంటుంది, ఎందుకంటే రబ్బరులోకి వేడి మెల్లగా దిగుతుంది. తర్వాత రసాయన చర్య పుట్టించే వేడి తోడై మోల్డు వేడిని దాటిపోతుంది. మోల్డును 170కి తోసేవాళ్లు మరచిపోయేది ఈ రెండో పొయ్యినే.

టైము కాగానే తెరవకండి. ఒత్తిడి అలాగే ఉంచి నీళ్లు వదలండి, కవాటం వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ. 160 డిగ్రీల ఇనుములో నీళ్లు ఒక్కసారి పడితే ఆవిరై తన్నుకొస్తాయి, ఆ పైపు కొనకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. 60కి దిగాక తెరవండి. వేడికి రబ్బరు ఇనుముకంటే పది రెట్లకు పైగా ఉబ్బుతుంది కాబట్టి వేడిమీద తెరిస్తే అతుకు గీత దగ్గర ఎలుక కొరికినట్టు చిరుగుతుంది. ప్రతి షాటుకూ, అంటే ఒక్కో విడతకూ, మోల్డును కాచి చల్లార్చడం కరెంటు దండగే, ఒప్పుకుంటా. చిరిగిన కోర్లు ఏరుకోవడం ఇంకా దండగ.

మొదటి షాటులో మూల కోరొకటి, నడిమి కోరొకటి రంపంతో సగానికి కోసి, గట్టిదనం కొలిచే షోర్ మీటరు నడుమనా అంచునా నొక్కి చూడండి. రెండు కోర్ల అంకెలు దగ్గరగా ఉంటే మోల్డు కుదిరినట్టు. కోసిన ముక్క ముక్కు దగ్గర పెడితే తియ్యటి వాసన వస్తుంది, పెరాక్సైడ్ విరిగితే పుట్టే అసిటోఫినోన్ అది. చొక్కాకు పట్టిన ఆ వాసన బట్టే నేను ఆ రోజు గాస్కెట్లు చేశానో బంతులు చేశానో మా ఆవిడ చెప్పేస్తుంది.

మధ్యలో కరెంటు పోతే ఆ షాటు మొత్తం పారేయండి. "ఇంకో పది నిమిషాలు కలిపేద్దాం" అని మా భాగస్వామి ఇప్పటికీ బతిమాలుతాడు. పోయిన కరెంటుతో పాటు మోల్డు ఎంత చల్లారిందో, లోపల ఎంత ఉడికిందో లెక్క తేలదు. తీసి తుక్కు డబ్బాలో వేసి, మోల్డు మళ్లీ 160కి వచ్చాక గుంతలు కొలిచి కొత్త స్లగ్గులు వేసుకోండి.