కేక్ మిక్స్ లేకుండానే పొంగింది

విజయనగరంలో మా ఇంట్లో ఓవెన్ లేదు. రబ్బరు, విజిల్ తీసేసిన కుక్కరులో, అడుగున ఉప్పు పరిచి కేకు చేస్తాను. ప్యాకెట్‌లో వచ్చే కేక్ మిక్స్‌తో ఎప్పుడూ పొంగేది. మైదా, చక్కెర, గుడ్లు, వెన్న, పొంగడానికి బేకింగ్ పౌడరు నేనే కలిపితే మాత్రం రెండుసార్లూ అణిగిపోయింది. పాప పుట్టినరోజు దగ్గరపడుతుంటే నిజంగా బాధేసింది.

చివరికి బేకింగ్ పౌడరు మీద అనుమానం వచ్చింది. అరచెంచా పౌడరు వేడినీళ్లలో వేసి చూస్తే నురగే రాలేదు! మూత సరిగా పెట్టని డబ్బాలోకి వానాకాలపు తేమ చేరి, అందులోని సోడా, ఆమ్లం ముందే చర్య జరిపేశాయన్నమాట. కొత్త డబ్బా తెచ్చాను. 150 గ్రాముల మైదాకు ఒకటిన్నర చిన్న చెంచాలు సరిపోయింది. మైదా వేశాక ఎక్కువసేపు గిలక్కొట్టలేదు. అలా చేస్తే జిగురు పెరిగి కేకు గట్టిపడుతుంది. సన్నని మంట మీద 40 నిమిషాలకు పుల్ల గుచ్చితే శుభ్రంగా వచ్చింది. ఆ వెన్న వాసన ప్యాకెట్ కేకుకు ఎన్నడూ రాలేదు.